గాతువాడైన గొల్యాతు: ఒక చారిత్రక పరిశీలన

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయవలెనని సంపాదక వర్గమువారు మమ్ములను కోరినప్పుడు, నిడదవోలు ప్రాంత సంఘ చరిత్రనే వ్రాయుదుమని వారు తలంచియుందురు. ఆ పనికి మాకంటె పెద్దలు, మాకంటె జ్ఞాపకశక్తి గలవారు ఉన్నారు. మేము వ్రాయబూనినది ఒక శత్రువు చరిత్ర. సండే స్కూలులో అడుగుపెట్టిన ప్రతి బిడ్డకు తెలిసిన శత్రువే. తెలిసినవాడు గనుకనే అతనిని గూర్చి మనము మరల విచారింపలేదు.

ఈ విచారణకు కారణము కూడ చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట మేము పరిచర్య చేసిన ఒక గ్రామ సంఘములో మందిరము ప్రక్కనున్న స్థలమును గూర్చి రెండు వీధులవారికి తగవు వచ్చినది. ఒక శనివారము రాత్రి పై వీధివారి గృహకూటమునకు వెళ్లితిమి. వారు మొదటి సమూయేలు 17వ అధ్యాయము చదివి, క్రింది వీధి పెద్దను పేరు చెప్పకయే గొల్యాతుగా ఎంచి, అతడు కూలవలెనని కన్నీటితో ప్రార్థించిరి. మరుసటి సాయంత్రము క్రింది వీధిలో కూటము. అక్కడను అదే అధ్యాయము, అదే కన్నీరు. అయితే అక్కడ పై వీధి పెద్దయే గొల్యాతు. ఆ పెద్దలిద్దరిలో ఎవరును అయిదున్నర అడుగులకు మించినవారు కారు. మేము ఇల్లు చేరి, వేదాంత కళాశాలలో చదివిననాటి నోటు పుస్తకములను అటకమీదనుండి దింపించితిమి. గొల్యాతు ఎవడు? అతడు ఆ లోయలో ఎందుకు నిలిచెను? అతనికి భయపడినవారు నిజముగా దేనికి భయపడిరి? ఈ ప్రశ్నలు అప్పటినుండి మమ్ములను విడువలేదు.

మొదట స్థలము చూతము. నిడదవోలువారికి ఇది సులభముగా బోధపడును. మన ఊరు డెల్టాకు, మెట్టకు నడుమ అంచున ఉన్నది. ఒక ప్రక్క కాలువ క్రింది వరి, మరియొక ప్రక్కకు కొంచెము దూరము పోగానే ఎఱ్ఱనేల, మెరక. (2022లో జిల్లాలు మారి మనము పశ్చిమనుండి తూర్పు గోదావరిలోనికి వచ్చితిమిగాని, డెల్టాయు మెట్టయు ఎక్కడివక్కడనే ఉన్నవి.) ఫిలిష్తీయులు సముద్రతీరపు పల్లపు నేలలో కాపురముండిన జనము. గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు అను అయిదు పట్టణములు వారివి. ఇశ్రాయేలీయులు కొండసీమవారు. ఈ రెంటికి నడుమ చిన్న గుట్టలతో నిండిన మెట్టసీమ ఒకటి ఉండెను. ఆ మెట్టసీమను తూర్పు పడమరలుగా చీల్చుకొని పోవు లోయలలో ఏలా లోయ ఒకటి. ఆ లోయ పడమటి ముఖమున గాతు పట్టణము, తూర్పున పైకెక్కిపోయినచో బేత్లెహేము. పల్లపు సేనలు కొండలలోనికి ప్రవేశింపవలెనన్నను, కొండవారు పంటభూములలోనికి దిగవలెనన్నను దారి అదే. శోకోకు అజేకాకు నడుమ ఫిలిష్తీయులు దిగిరని గ్రంథము చెప్పుట ఊరక చెప్పిన మాట కాదు. లోయ ద్వారము వారి చేత చిక్కినది.

రెండు సైన్యములు రెండు గుట్టలపైన, నడుమ లోయ. మొదట ఎవరు దిగుదురో వారికి నష్టము. దిగినవారు మరల ఎదుటి గుట్ట ఎక్కవలెను, పైనుండి రాళ్లు, ఈటెలు వచ్చి మీదపడును. గనుక ఎవరును దిగలేదు. నలువది దినములు ఇట్లే గడిచినవి. ఇంటినుండి తెచ్చుకొన్న వేయించిన ధాన్యము అయిపోయినందుననే గదా, యెష్షయి తన చిన్న కుమారుని చేతికి పేలాలు, రొట్టెలు ఇచ్చి దండులోనున్న అన్నల యొద్దకు పంపెను! ఇటువంటి ప్రతిష్టంభనలో పూర్వకాలపు సైన్యములు ఒక ఉపాయము చేయుచుండెడివి. ఇటునుండి ఒకడు, అటునుండి ఒకడు. మన తెలుగు బైబిలులో శూరుడు అని యున్నచోట హీబ్రూ మూలములో ఉన్న పదమునకు 'నడుమనుండు మనుష్యుడు' అని అర్థము. రెండు సేనల నడుమ నిలుచువాడన్నమాట. ఈ మాట తెలిసినది మొదలుకొని మాకు గొల్యాతు చిత్రము మారిపోయినది. అతడు రక్తపిపాసతో గర్జించుచు తిరుగు రాక్షసుడు కాడు. అది ఒక ఉద్యోగము. వేలమంది చచ్చుటకు బదులు ఒకడు చచ్చిన చాలునన్న ఏర్పాటులో, ఆ ఒకడుగా నిలువబడుటకు ఒప్పుకొన్నవాడు.

ఈ ఆచారము ఫిలిష్తీయులకే చెందినది కాదు. ఐగుప్తు వాఙ్మయములో సినూహె అను ఒకని కథ కలదు. దావీదునకు సుమారు తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వపు కాలమునాటిది. పరదేశములో తలదాచుకొన్న సినూహెను అక్కడి బలశాలి ఒకడు పోరునకు పిలువగా, సినూహె వానిని మెడపై బాణముతో కొట్టి, వాని గొడ్డలితోనే వానిని చంపెను. దూరమునుండి ఒక దెబ్బ, తరువాత శత్రువుని ఆయుధముతోనే ముగింపు. చదువరులకు వెంటనే ఏలా లోయ జ్ఞాపకము రాకమానదు. గ్రీకుల ఇలియడ్ కావ్యములో ముసలివాడైన నెస్టరు, తాను అందరికంటె చిన్నవాడైయున్న దినములలో ఒక మహాకాయుని కూల్చిన సంగతి చెప్పుకొనును. మన దేశములో భీమ జరాసంధుల ద్వంద్వ యుద్ధము ఎరుగనివారెవరు? సమూయేలు గ్రంథమే మరియొకచోట గిబియోను కొలను యొద్ద అబ్నేరు మనుష్యులు పన్నిద్దరు, యోవాబు మనుష్యులు పన్నిద్దరు ఎదురెదురుగా నిలిచి ఒకరి ప్రక్కలో ఒకరు కత్తి పొడుచుకొని అందరును ఒక్కసారే కూలిన భయంకర సంగతిని వ్రాసియున్నది. ఆ పోరు యుద్ధమును ఆపలేకపోయినది. ఏలా లోయలోను అంతే. ఓడినవారు దాసులగుదురని గొల్యాతు నోటితో పలికిన షరతును, అతడు పడగానే అతనివారు పాటింపక పరుగెత్తిరి, గెలిచినవారును పాటింపక తరిమిరి.

ఇక ఎత్తు సంగతి. మన బైబిలులో ఆరు మూరల జానెడు మనిషి. మూర అనగా ఏమో మన స్త్రీలకు చెప్పనక్కరలేదు, పూలదండ కొనునప్పుడు ముంజేతితో కొలిపించుకొనునదే. మూర ఒకటింటికి 18 అంగుళములు, జాన దానిలో సగము. లెక్కకట్టినచో 9 అడుగుల 9 అంగుళములు. అయితే 1952లో మృత సముద్రము ప్రక్కన కుమ్రాను నాలుగవ గుహలో దొరికిన సమూయేలు గ్రంథపు చుట్టలో నాలుగు మూరల జానెడు అని యున్నది. ఆ చుట్ట క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దములో వ్రాయబడినది. మనము నేడు వాడు హీబ్రూ ప్రతులకంటె అది సుమారు వేయి సంవత్సరములు పాతది. పూర్వపు గ్రీకు తర్జుమాలోను, యూదుల చరిత్రకారుడైన జోసీఫసు గ్రంథములోను అదే లెక్క. అనగా 6 అడుగుల 9 అంగుళములు. ఏ లేఖకుని చేతిలో ఏ అంకె మారినదో వాదించుకొనువారు వాదించుకొందురుగాక, మా మట్టుకు చిన్న అంకెయే పాతదని తోచుచున్నది. ప్రతి వ్రాయువాడు భయంకరుని ఎత్తు తగ్గించుటకంటె పెంచుటయే సహజము.

ఇది విని కొందరు సహోదరులు చిన్నబుచ్చుకొందురు. మూడడుగుల గొల్యాతును ఎవరో కోసివేసినట్లు! ఇట్లు కొలిచినచో కథ చిన్నదగుట లేదు, పెద్దదగుచున్నది. ఆ కాలపు కొండసీమ మనుష్యులు సామాన్యముగా అయిదున్నర అడుగులకు లోపే. వారి నడుమ 6 అడుగుల 9 అంగుళముల మనిషి తాటిచెట్టే. అయితే ఇశ్రాయేలులోను అటువంటి ఒకడున్నాడు. భుజములు మొదలుకొని పైకి జనులందరికంటె ఎత్తయినవాడు అని తొమ్మిదవ అధ్యాయము ఎవరిని గూర్చి చెప్పినది? సౌలును గూర్చి. తమ ముందర నడిచి తమ యుద్ధములు చేయుటకే జనులు రాజును కోరుకొనిరి. ఎత్తునకు ఎత్తు, కవచమునకు కవచము ఉన్న రాజు గుడారములో కూర్చుండి, వెళ్లువానికి ఐశ్వర్యము ఇత్తును, కుమార్తెను ఇత్తును, పన్నులు మాఫీ చేయుదును అని చాటించుచున్నాడు. నలువది దినములు గొల్యాతు పిలిచిన పిలుపు సైన్యమంతటికి వినబడినను, నిజముగా అది ఒక్కని చెవికి. కథ రచించినవాడు గొల్యాతు ఎత్తు కొలుచునప్పుడు అతని చూపు సౌలుమీదనే ఉన్నదని మా అభిప్రాయము.

అతని ఆయుధములను గ్రంథకర్త ఎంతో ఓపికతో వర్ణించెను. బైబిలులో ఒక సైనికుని వేషమును ఇంత వివరముగా చెప్పిన చోటు మరియొకటి లేదు. తలకు రాగి శిరస్త్రాణము, ఒంటికి పొలుసుల కవచము, కాళ్లకు రాగి కవచములు, భుజముల నడుమ రాగి ఆయుధము, చేత ఈటె, ముందు డాలు మోయువాడు. తెలుగులో రాగి అని యున్నను అది తగరము కలిసిన కంచు. కవచము 5,000 తులములు అని మన తర్జుమా. అది హీబ్రూ షెకెలు. షెకెలునకు సుమారు 11 గ్రాముల పైచిలుకు గనుక 57 కిలోలు. మన ధాన్యపు బస్తా 75 కిలోలు గదా, అందులో ముప్పాతిక బరువును ఒంటికి తొడుగుకొని మనిషి ఎండలో నిలువవలెను. ఈటె మొన 600 షెకెలుల ఇనుము, దాదాపు 7 కిలోలు. తక్కినవన్నియు కంచు, మొన ఒక్కటి ఇనుము.

ఇనుము అనునప్పటికి పదమూడవ అధ్యాయము చివర చూడవలెను. ఇశ్రాయేలు దేశమందంతట కమ్మరి లేడు. నాగటి కఱ్ఱు పదును పెట్టించుకొనవలెనన్నను, గొడ్డలి సాన పట్టించుకొనవలెనన్నను ఫిలిష్తీయుల యొద్దకు దిగిపోయి రుసుము చెల్లింపవలసియుండెను. యుద్ధదినమున సౌలునకును యోనాతానునకును తప్ప ఎవరికిని కత్తి లేదు. ఊరిలో కొలిమి లేనిచో రైతు గతి ఏమగునో మన తాతలు ఎరుగుదురు. పదును పెట్టువాడు తలుపు మూసికొన్నచో ఏరువాక సాగదు. ఇశ్రాయేలు దండు గొల్యాతు దేహమును మాత్రమే చూచి వణకలేదు. ఆ 7 కిలోల ఇనుములో వారు తమ నాగళ్లను, తాము మోసుకొనిపోయిన రుసుమును, పడిగాపులను చూచిరి. భయమునకు ఎప్పుడును ఒక లెక్క ఉండును.

అతని ఈటె కఱ్ఱను నేతగాని దోనెతో పోల్చుటను గూర్చి ఒక మాట. నేసిన బట్టను చుట్టుకొను బరువైన దోనెను ఉప్పాడవంటి నేత ఊళ్లలో చూచినవారు, అంత లావు కఱ్ఱ అని అర్థము చేసికొందురు. మేమును చిరకాలము అట్లే బోధించితిమి. అయితే యిగాయెలు యాదీను అను ఇశ్రాయేలు పురావస్తు పండితుడు 1955లో వేరొక అర్థము చెప్పెను. హీబ్రూ పదము మగ్గములో పడుగు దారములను ఎత్తి దింపుటకై వరుసగా దారపు ఉచ్చులు కట్టియుండు కఱ్ఱను చెప్పుచున్నదనియు, పోలిక లావునుబట్టి కాక ఉచ్చునుబట్టి చేసినదనియు అతని వాదము. ఈటె నడిమికి త్రాడు చుట్టి, కొసను ఉచ్చుగా వేసి, వ్రేళ్లు దూర్చి విసరినచో ఈటె గిరగిర తిరుగుచు బహుదూరము సూటిగా పోవును. గ్రీకు దేశస్థులు ఇట్లు విసరుట ఎరుగుదురు, ఇశ్రాయేలువారు ఎరుగరు. తమ భాషలో పేరులేని వస్తువును చూచినవాడు ఇంటిలోని మగ్గమును తలంచుకొని పేరు పెట్టెను. ఇది మాకు నచ్చిన వ్యాఖ్యానము. క్రొత్త వస్తువును చూచి మన పెద్దలు పొగబండి అని పేరు పెట్టలేదా?

అయితే గ్రీకు పద్ధతి గాతు ఊరిలోనికి ఎట్లు వచ్చెను? ఆమోసు ప్రవక్త ఫిలిష్తీయులు కఫ్తోరునుండి వచ్చిరని చెప్పెను. కఫ్తోరు అనగా క్రేతు ద్వీపమని పండితులలో చాలమంది తలంతురు. ఐగుప్తు రాజైన మూడవ రామెసేసు క్రీస్తు పూర్వము సుమారు 1175లో సముద్రపు జనములతో చేసిన యుద్ధమును మెదీనెత్ హాబు గుడి గోడలపైన చెక్కించెను. అందులో ఫిలిష్తీయుల పేరు ఉన్నది. తలపై ఈకలవలె నిలువుగా లేచిన కిరీటములు ధరించిన యోధులు, వారి వెనుక ఎడ్లబండ్లలో స్త్రీలు, పిల్లలు. ఆ ఎడ్లబండ్లను మరువకూడదు. దోచుకొనిపోవు దండు పిల్లలను వెంట తెచ్చుకొనదు, ఇల్లు విడిచి వచ్చినవారే తెచ్చుకొందురు. అష్కెలోనులో దొరికిన ఆ తొలికాలపు పసిబిడ్డల ఎముకలను పరీక్షించి, వారిలో కొంత భాగము దక్షిణ ఐరోపా వంశమని 2019లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కొన్ని తరములలోనే ఆ భేదము స్థానికులతో కలిసి మాసిపోయినది. గొల్యాతు పుట్టుసరికి అతని ముత్తాతల సముద్రయానము ఇంటిలో ముసలివారు చెప్పు కథయై యుండును.

ఆంగ్ల భాషలో ఫిలిష్తీయుడు అనగా కళలు, సంస్కారము ఎరుగని మొరటువాడని వాడుక. మట్టిని త్రవ్వినవారికి కనబడినది వేరు. ఎరుపు నలుపు రంగులతో పక్షుల బొమ్మలు వ్రాసిన చక్కని కుండలు, మగ్గమునకు కట్టు మట్టి గుండ్లు, నూనె గానుగలు. తరువాతి కాలపు ఎక్రోనులో నూరుకు పైగా ఒలీవ గానుగలు బయటపడినవి. గాతు నేడు తెల్ ఎస్ సాఫీ అను దిబ్బ. అక్కడ 1996లో మొదలుపెట్టి ఆరెను మాయెరు అను ఆచార్యుని ఆధ్వర్యమున అనేక సంవత్సరములు త్రవ్వకములు జరిగినవి. దాదాపు 100 ఎకరముల పట్టణము. ఆ కాలమునకు ఆ దేశములో మహానగరమే. 2005లో అక్కడ ఒక చిన్న కుండపెంకు దొరికినది. దానిపైన గీసిన రెండు పేర్లు మన గొల్యాతు పేరును పోలియున్నవి, హీబ్రూ మూలము గలవి కావు. క్రీస్తు పూర్వము పదవ, తొమ్మిదవ శతాబ్దముల నాటిది. కొన్ని పత్రికలు గొల్యాతు గిన్నె దొరికెనని ఆర్భాటము చేసినవి. అది అతని గిన్నె కాదు, అతని పేరు కాదు. అటువంటి పేరు గలవారు ఆ ఊరిలో ఆ కాలములో ఉండిరనుటకు మాత్రము సాక్ష్యము. మాకు అదియే చాలును. పేరు పెట్టిన తల్లిదండ్రులు ఉన్నారన్నమాట.

వైద్యులు కొందరు గొల్యాతునకు మెదడు క్రింది గ్రంథిలో కంతి ఉండెననియు, అందువలన దేహము పెరిగి కంటిచూపు మందగించెననియు వ్రాసిరి. డాలు మోయువాడు ముందు నడుచుటయు, దావీదు చేత ఒక్క కఱ్ఱ ఉండగా కఱ్ఱలు అని బహువచనము పలుకుటయు వారి ఆధారములు. చమత్కారముగానే ఉన్నది. అయితే గ్రంథము ఆ మాట చెప్పలేదు, మూడువేల సంవత్సరముల క్రిందటి రోగికి మందుచీటీ వ్రాయుటకు మాకు ధైర్యము లేదు.

వడిసెలను గూర్చి మాత్రము మన సంఘములలో ఒక పొరపాటు పాతుకొనిపోయినది. బిడ్డ చేతి ఆటవస్తువుతో మహావీరుడు కూలెనని బోధింతుము. మెట్టలో జొన్నచేను మంచెమీద కూర్చుండి పిట్టలను తోలినవారిని అడుగుడి, వడిసెల రాయి ఆటవస్తువు కాదని చెప్పుదురు. న్యాయాధిపతుల గ్రంథములో బెన్యామీనీయులైన ఎడమచేతివాటపువారు 700 మంది వెండ్రుక మందమైనను తప్పక కొట్టువారని యున్నది. క్రీస్తు పూర్వము 701లో అష్షూరు రాజు లాకీషును ముట్టడించిన దృశ్యమును తన నగరులో చెక్కించుకొన్నాడు. అందులో వడిసెల దండు బారులు తీరియున్నది. లాకీషులో పిడికిలంత రాళ్లు దొరికినవి. గొల్యాతు దగ్గరి పోరునకు సిద్ధపడి వచ్చెను. ఎదుటివాడు దూరపు పోరు చేసెను. కఱ్ఱను చూచి నన్ను కుక్కనుకొన్నావా అని అతడు కోపించుటలో అహంకారమున్నది, నిజమే. అయితే వృత్తిలో ఆరితేరినవాడు అవమానపడిన ధ్వని కూడ ఉన్నది. నలువది దినములు కాచుకొన్నది ఈ పసివానికొరకా? దావీదును చూచి అతడు తృణీకరించెననునప్పుడు గ్రంథము, బాలుడు ఎఱ్ఱనివాడు, రూపసి అని చెప్పుచున్నది. చంపుటకు చేయి రాని ముఖమని మాకు తోచును. ఇది మా ఊహ మాత్రమే.

అతడు బోర్ల పడెను. వెనుకకు కాదు, ముందుకు. తల తెగెను. ఇదే గ్రంథములో అయిదవ అధ్యాయమున అష్డోదు గుడిలో దాగోను విగ్రహము మందసము ఎదుట బోర్ల పడి, మరునాడు తల తెగి పడియుండుట చదువుదుము. గ్రంథకర్త ఆ జత కావలెననియే కూర్చెను. అతని దృష్టిలో తీర్పు పొందినది ఒక ఊరి మనిషికంటె ఎక్కువగా ఆ మనిషి ఎవరి పేరట శపించెనో ఆ దేవతలు.

ఇప్పుడు కష్టమైన చోటికి వచ్చితిమి. రెండవ సమూయేలు 21వ అధ్యాయము 19వ వచనము హీబ్రూ మూలములో, బేత్లెహేమువాడైన ఎల్హానాను గిత్తీయుడైన గొల్యాతును చంపెనని యున్నది. అక్కడను ఈటె కఱ్ఱ నేతగాని దోనెవంటిదే. మొదటి దినవృత్తాంతములు 20వ అధ్యాయము దానిని సరిచేయుచు, ఎల్హానాను చంపినది గొల్యాతు సహోదరుడైన లహ్మీని అని వ్రాసినది. ఎల్హానాను దావీదు మరియొక పేరని పూర్వపు యూదులు కొందరు చెప్పిరి. సామాన్య సైనికుని విజయము కాలక్రమమున రాజునకు చేరినదని నేటి పండితులు అనేకులు చెప్పుదురు. కళాశాలలో ఈ పాఠము విన్ననాడు మాకు రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆచార్యులవారు దానిని దాచలేదు, తేల్చలేదు. రెండును గ్రంథములో ఉన్నవి, ఉంచినవారు మనకంటె భయభక్తులు గలవారు అని ఊరకుండిరి. ఇరువది సంవత్సరముల పరిచర్య తరువాత మేమును అంతకుమించి చెప్పలేకున్నాము. కాని ఒకటి గమనించితిమి. చంపినవాని పేరు విషయములో తడబాటు ఉన్నదిగాని చచ్చినవాని పేరు, ఊరు, ఈటె విషయములో తడబాటు లేదు. శత్రువును జనులు అంత గట్టిగా జ్ఞాపకముంచుకొనిరి.

ఒక ఊరి వీరుడు మరియొక ఊరికి పిడుగు. మన తెలుగువారికి ఇది తెలియనిది కాదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలిన తరువాత తాండ్ర పాపారాయుడు విజయనగరపు రాజు డేరాలో దూరి అతనిని పొడిచి చంపెను. బుఱ్ఱకథ వినునప్పుడు మనమందరము బొబ్బిలివారమే. ఆ రాత్రి విజయనగరపు అంతఃపురములో ఏడ్చినవారి చెవితో ఆ కథ వినినవారు ఎందరు? గాతు వీధులలో గొల్యాతు కథ ఎట్లు చెప్పుకొనిరో మనకు ఒక్క వాక్యము మిగులలేదు. క్రీస్తు పూర్వము తొమ్మిదవ శతాబ్దము చివర అరాము రాజైన హజాయేలు గాతును పట్టుకొని నాశనము చేసెను. అతడు ముట్టడికై త్రవ్వించిన కందకము నేటికిని దిబ్బ చుట్టును కనబడుచున్నది. ఆ కథ చెప్పవలసినవారు ఆ బూడిదలో పోయిరి. అయితే దావీదే అటుపిమ్మట సిక్లగులో కాపురముండి గెషూరీయులమీదను అమాలేకీయులమీదను పడినప్పుడు పురుషునిగాని స్త్రీనిగాని బ్రదుకనియ్యలేదని 27వ అధ్యాయము దాచక వ్రాసినది. ఆ గ్రామములలో పసిపిల్లలను బెదరించుటకు తల్లులు ఎవరి పేరు చెప్పియుందురు?

గొల్యాతు చచ్చినంతట గాతు కథ ముగియలేదు. సండే స్కూలు పాఠము ఎల్లప్పుడును తల నరికినచోట ఆగిపోవును గనుక తక్కినది మనకు తెలియదు. సౌలు తరుమగా దావీదు నోబునకు పారిపోయి, యాజకుడైన అహీమెలెకు యొద్ద, ఏఫోదు వెనుక బట్టతో చుట్టి దాచిన గొల్యాతు కత్తిని పుచ్చుకొని, నేరుగా ఎక్కడికి వెళ్లెను? గాతునకే! చంపబడినవాని కత్తి తీసికొని అతని ఊరికే శరణు జొచ్చెను. మొదటిమారు పిచ్చివానివలె నటించి తప్పించుకొనెను. రెండవమారు ఆరువందలమందితో వెళ్లగా గాతు రాజైన ఆకీషు సిక్లగును కాపురమునకిచ్చెను. సంవత్సరము మీద నాలుగు నెలలు అక్కడ ఉండిరి. స్వజనుల రాజు ప్రాణము తీయజూడగా శత్రువుల ఊరు నీడనిచ్చినది.

దేవుని మందసము యెరూషలేమునకు వచ్చుచు దారిలో ఆగినప్పుడు దానిని మూడు నెలలు ఇంట ఉంచుకొన్న ఓబేదెదోము గిత్తీయుడని వ్రాయబడియున్నది. గిత్తీయుడనగా గాతువాడనియే సామాన్యార్థము. ఇక ఇత్తయి. అబ్షాలోము తిరుగుబాటులో కన్నకొడుకే తరుముచుండగా దావీదు చెప్పులు లేక కొండ ఎక్కిపోవు దినమున, గాతునుండి వచ్చిన ఆరువందలమంది అతని ముందర నడిచిరి. నీవు పరదేశివి, నిన్ననే వచ్చితివి, తిరిగి పొమ్మని దావీదు వారి నాయకుడైన ఇత్తయితో చెప్పెను. చావైనను బ్రదుకైనను నీతోనే అని అతడు ప్రమాణము చేసి కదలలేదు. తరువాతి యుద్ధములో సైన్యములో మూడవ భాగము ఆ ఇత్తయి చేతిలో ఉండెను.

స్థలపు తగవు గల ఆ గ్రామములో రెండు వీధులవారు కలిసి కూర్చున్న ఒక ఆదివారము మేము ఇత్తయిని గూర్చి చెప్పితిమి. గొల్యాతు మాట ఎత్తలేదు. ఆరాధన అయిన తరువాత క్రింది వీధి పెద్ద గుమ్మము యొద్ద నిలువబడి, "అయ్యగారూ, ఆ ఇత్తయి గాతువాడంటున్నారు గదా, గొల్యాతుకి ఏమవుతాడండి?" అని అడిగెను. గ్రంథములో లేదని చెప్పితిమి. "ఒకే ఊరోళ్లు, ఏదో ఒకటి అవకపోడు లెండి" అని అతడు కండువా దులుపుకొని, చెప్పులు వెదుకుకొనుచు పై వీధివారి నడుమనుండి బయటికి వెళ్లెను.